ఇంటి దగ్గరే కారు ఇంజన్ ఆయిల్ మార్చుకోవడం: నేల మీద చుక్క పడకుండా మొదటి నుంచి చివరిదాకా

మొదటిసారి నేను విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆయిల్ మార్చినప్పుడు, ఇంజన్ అడుగున పాత ఆయిల్ దించే బోల్టు చేతిలోకి ఊడి రాగానే ఆయిల్ నేను టబ్బు పెట్టిన చోట పడలేదండి, టబ్బు దాటి అడుగు దూరంలో పడింది. కంగారులో టబ్బు జరుపుదామని చెయ్యి వేస్తే అది ఓ పక్కకి ఒరిగి అందులో పడిన కాస్తా కూడా పార్కింగ్ టైల్స్ మీదకి వచ్చేసింది, నేను కారు కిందనుంచి పాక్కుంటూ బయటికి వచ్చేలోపు నూనె పక్కవాళ్ళ స్కూటీ స్టాండు దాకా వెళ్ళిపోయింది. బకెట్ తీసుకుని నీళ్ళు పోయబోతుంటే వాచ్‌మెన్ తాత పరిగెత్తుకొచ్చి "నీళ్ళు పొయ్యమాకు బాబూ, సెల్లార్ మొత్తం అయిద్ది" అని ఆపి, పక్క వీధిలో తలుపులు చేస్తున్న వడ్రంగుల దగ్గర్నుంచి సంచెడు రంపప్పొట్టు తెచ్చి చల్లాడు. మచ్చ పోవడానికి పదిహేను రోజులు పట్టింది, చెప్పులకంటుకుని లిఫ్ట్ దాకా వెళ్ళిన నల్ల అడుగులు తుడవడానికి ఆ ఆదివారం మొత్తం అయిపోయింది.

ఆ తర్వాత ఆరేళ్ళ నుంచి నా కారుకి నేనే మార్చుకుంటున్నాను, గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావమరిది కారుకి కూడా నేనే వెళ్ళి మారుస్తాను, నేల మీద చుక్క పడట్లేదు. తేడా అంతా బోల్టు ముట్టుకోకముందు చేసే అరగంట పనిలో ఉంది, అందుకే ఇక్కడ రాసిందాంట్లో సగం ఆ అరగంట గురించే ఉంటది, అది దాటేసి బోల్టు దగ్గరికి వెళ్ళిపోవద్దు.

ఎవరు చెయ్యొచ్చు, ఎప్పుడు చెయ్యాలి

కారు వారంటీలో ఉంటే అది అయ్యేదాకా కంపెనీ సర్వీసులోనే చేయించుకోండి, రేపు ఇంజన్‌కి ఏదన్నా అయితే సర్వీస్ రికార్డు అడుగుతారు, ఇంట్లో మార్చుకున్నాను అంటే అక్కడ వాదన మొదలవుద్ది. వారంటీ దాటిపోయిన కారు, మామూలు పెట్రోల్ ఇంజన్, ఆయిల్లో మురికి పట్టే ఫిల్టర్ చెయ్యి పెడితే అందే చోట ఉంది అంటే ఇంక ఆలోచించక్కర్లేదు.

ఎక్కువ పెట్రోల్ కార్లకి కంపెనీ చెప్పేది 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. నేను 7,500కే మార్చేస్తాను, ఎందుకంటే నా కారు తిరిగేది బెంజ్ సర్కిల్, రామవరప్పాడు రింగ్, వన్ టౌన్ ఈ మధ్యలోనే, సగం సేపు సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆన్‌లో నిలబడే ఉంటది, మీటర్లో కిలోమీటర్లు కదలవు కానీ ఆయిల్ కాగుతూనే ఉంటది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న ట్రిప్పులు ఇంకా చెడ్డవి, కాలని పెట్రోలూ తేమా ఆయిల్లో కలిసి అక్కడే ఉండిపోతాయి, ఆవిరైపోయేంత వేడి రాదు కాబట్టి.

రంగు చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు. నల్లబడిందంటే మసినీ మురికినీ పట్టి తనలో ఉంచుకుంటోందని అర్థం, దాని పని అదే. డీజిల్ ఇంజన్లో అయితే కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లగా అయిపోద్ది. భయపడాల్సిన రంగు ఇంకోటి ఉంది, పాలు ఎక్కువైన టీ రంగు. అలా ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిసినట్టే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఆఫీసులో ఒకతని కారు బానెట్ దాకా నీళ్ళలో ఉండిపోయింది, నీళ్ళు తీశాక ఆయిల్ ఎంతుందో చూసే గేజి పుల్ల లాగి చూస్తే సరిగ్గా అదే రంగు. అలాంటి కారుకి తాళం తిప్పకూడదు, ఆయిల్ ఒక్కటి మార్చేస్తే సరిపోద్ది అనుకోకూడదు, టోయింగ్ బండి పిలిపించి గ్యారేజీకి పంపాల్సిందే.

ఏ ఆయిల్, ఎంత

ఓనర్ మాన్యువల్ తియ్యండి, డాష్‌బోర్డు కింద ఇన్సూరెన్స్ కాయితాల అడుగున ఉంటది. అందులో గ్రేడు (5డబ్ల్యూ-30 లాంటి నంబరు) ఏంటో, క్వాలిటీ స్పెసిఫికేషన్ ఏంటో, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లో చూసి ఒక కాయితం మీద రాసుకోండి. నాది 1.2 పెట్రోల్, ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనవైపు చాలామంది "బెజవాడ ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పొయ్యాలి" అంటారు, అంబాసిడర్ల కాలంలో 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 పోసిన అలవాటు అది. రోహిణి కార్తెలో బయట 45 డిగ్రీలున్నా సరే, ఇంజన్ లోపల ఆయిల్ రోజూ నడిచేది 90, 100 డిగ్రీల దగ్గర, ఆ వేడి సంగతి రేడియేటరూ థర్మోస్టాటూ చూసుకుంటాయి. 5డబ్ల్యూ-30లో 30 అనేది ఆ 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉంటదో చెప్పే నంబరు, డబ్ల్యూ ముందున్నది చలిలో ఎంత తేలిగ్గా పారుద్దో చెప్పేది. కొత్త ఇంజన్లలో బేరింగుల సందులు తక్కువ, చాలావాటిల్లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో సర్దేది (వాల్వ్ టైమింగ్) కూడా ఆయిల్ ప్రెషరే, అది సన్నటి దారుల్లోంచి వెళ్ళాలి, అక్కడ చిక్కటి ఆయిల్ పోస్తే మంచి చేస్తున్నామనుకుని చెడు చేసినట్టే. మాన్యువల్లో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పొయ్యండి. బీఎస్6 డీజిల్ కారైతే సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటది, దానికి తక్కువ బూడిదనిచ్చే ఆయిలే వాడాలి, మాన్యువల్లో సీ3 అనో ఇంకోటో రాసి ఉంటది, వేరేది పోస్తే ఆ ఫిల్టర్ పూడుకుపోద్ది, దాని ఖర్చు ముందు ఆయిల్ ఖర్చు లెక్కలోకే రాదు. ఇంట్లో మిగిలిన బైక్ ఆయిల్ అస్సలు పొయ్యొద్దు.

ఆయిల్, ఫిల్టర్, చాంబర్ బోల్టు (ఇంజన్ అడుగున ఆయిల్ దించే బోల్టు) వాషరు మూడూ ఒకేచోట కొనండి, బిల్లు అడిగి తీసుకోండి. ఆటోనగర్‌లో అయితే కారు మోడలూ ఏడాదీ చెబితే చాలు, ఫిల్టర్ చేతిలో పెడతారు. డబ్బా సీలు, దాని మీద బ్యాచ్ నంబరు, తయారైన తేదీ షాపులోనే చూసుకోండి. ఆయిల్ అయిపోయాక ఖాళీ డబ్బాని కత్తితో కోసి పారెయ్యండి, బాగున్న డబ్బాలు ఏరుకొచ్చి అందులో ఏదో నింపి మళ్ళీ అమ్మే నకిలీగాళ్ళకి మన డబ్బా దొరక్కూడదు.

సామాన్లు

బోల్టుకి రింగ్ పానా గానీ సాకెట్ గానీ ఉండాలి, ఎక్కువ కార్లకి 14, 17, 19 సైజుల్లో ఏదో ఒకటి సరిపోద్ది. డీ పానా వద్దు, అది రెండు పక్కలే పట్టుకుంటది, బిగుసుకుపోయిన బోల్టు అయితే మూలలు అరిగి గుండ్రంగా అయిపోద్ది. ఫిల్టర్‌కి ఒక బెల్టు పానా. టబ్బు విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు, లోతు చూస్తారు, చూడాల్సింది వెడల్పు. మేస్త్రీ పనివాళ్ళు ఇసక మోసే నల్ల ప్లాస్టిక్ తట్ట బ్రహ్మాండంగా పనికొచ్చిద్ది, నోరు వెడల్పు, ఎత్తు తక్కువ, మూడు నాలుగు లీటర్లు పడినా సగం కూడా నిండదు కాబట్టి జరిపినప్పుడు ఒలకదు. కొత్తది కొనండి, సిమెంటు పని చేసి చిల్లులు పడింది వద్దు, ముందు రోజు నీళ్ళు పోసి కారట్లేదని చూసి, బాగా ఆరబెట్టండి.

మెడికల్ షాపులో దొరికే నీలం రంగు నైట్రైల్ గ్లవ్స్ రెండు జతలు, మెకానిక్కులు వాడే బనీన్ వేస్టు అరకేజీ, ఒక గరాటు, రెండు పాలిథిన్ కవర్లు, పాత ఆయిల్ పట్టుకెళ్ళడానికి మూత గట్టిగా పట్టే ఐదు లీటర్ల డబ్బా, టింబర్ డిపోలో అడిగితే ఇచ్చే రంపప్పొట్టు ఒక సంచి. రంపప్పొట్టు దొరక్కపోతే వరి ఊకో పొడి ఇసకో అయినా పర్లేదు. ఇది ఒలికాక వెతుక్కునే వస్తువు కాదు, ముందే చెయ్యి చాపితే అందేలా పెట్టుకోండి.

ఇంక ఒక పాత ఫ్లెక్సీ, నాలుగు అట్టపెట్టెలు. దాని సంగతి కింద చెప్తాను.

కారు ఎత్తడం

ఇది చదివే ఒక్కరైనా జాకీ ఒక్కటే పెట్టి కారు కిందకి దూరదామనుకుంటే దయచేసి ఆగండి. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే ఇచ్చారు, దాని మీద నిలబడ్డ కారు కింద మనిషి తల పెట్టకూడదు, రెండు నిమిషాల పనే కదా అని కూడా పెట్టకూడదు. హైడ్రాలిక్ జాకీ అయినా లోపల సీలు పోతే ఒక్కోసారి ఉన్నట్టుండి దిగిపోద్ది. ఎత్తాక కింద కారు బరువు మోసే ఇనప జాకీ స్టాండ్లు పెట్టి, బరువు స్టాండ్ల మీద ఆనాక, చేత్తో కారుని గట్టిగా ఊపి చూసి అప్పుడే దూరాలి. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ పేర్చి ఆనించొద్దు, అవి పగిలేముందు చెప్పి పగలవు.

నేను స్టాండ్లు కూడా వాడను, చెక్క మెట్లు వాడతాను. టింబర్ డిపోలో అడుగు వెడల్పు, రెండంగుళాల మందం చెక్క తీసుకుని, ఒక్కో చక్రానికి మూడు ముక్కలు, అడుగుది పొడుగ్గా, దానిమీదది కొంచెం పొట్టిగా, పైది ఇంకా పొట్టిగా కోయించి మేకులు కొట్టించాను. ముందు చక్రాలకి రెండు మెట్లు, మెల్లగా ఫస్ట్ గేర్లో ఎక్కిస్తే ఆరంగుళాలు లేచిద్ది, కారు నాలుగు చక్రాల మీదే ఉంటది కాబట్టి జారేదేం లేదు. ఎక్కించేటప్పుడు పక్కన ఒక మనిషి నిలబడి చక్రం చూడాలి, పై చెక్క మధ్యకి రాగానే ఆపమని చెయ్యి చూపించాలి. తర్వాత హ్యాండ్ బ్రేక్, గేర్లో ఉంచడం, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్ళో చెక్కలో అడ్డం పెట్టడం, తాళం తీసి జేబులో వేసుకోవడం. నేల సమంగా, గట్టిగా ఉండాలి, సెల్లార్‌లోకి దిగే వాలు మీద గానీ మట్టి నేల మీద గానీ ఈ పని వద్దు.

ముందు వైపు లేస్తే ఆయిల్ సరిగ్గా దిగదేమో అని మా బావమరిది అడిగాడు. ఎక్కువ కార్లకి చాంబర్ బోల్టు వెనక వైపు ఉంటది, కాబట్టి ముందు లేస్తే ఇంకా బాగా దిగుద్ది. మీ కారుకి పక్కకి గానీ ముందుకి గానీ ఉంటే చివర్లో కారుని నేల మీదకి దించి కాసేపు కార్చాల్సి వచ్చిద్ది.

నేల పరుచుకోవడం

పెళ్ళికో పుట్టినరోజుకో కట్టి తీసేసిన ఫ్లెక్సీ ఏ వీధిలో అడిగినా దొరుకుద్ది. కనీసం ఆరడుగులు నాలుగడుగులు ఉండాలి, చిరుగులు ఉండకూడదు. ఇంజన్ కింద పరిచి, నాలుగు అంచుల కింద ఒక్కో కర్రో పాత పైపు ముక్కో దూర్చండి, అంచులు రెండంగుళాలు లేచి ఫ్లెక్సీ మొత్తం ఒక పెద్ద పళ్ళెం లాగా అయిద్ది, తట్ట మొత్తం తిరగబడినా మూడు లీటర్లు అందులోనే నిలబడిద్ది, టైల్స్ దాకా రాదు. దాని మీద అట్టపెట్టెలు విప్పి పరచండి. ఫ్లెక్సీ ఒక్కటే ఉంటే పడిన చుక్క జారుతూ మన వీపు కిందకి వచ్చిద్ది, అట్ట అయితే పడినచోటే పీల్చుకుంటది. న్యూస్‌పేపర్లు వద్దు, గాలికి లేస్తాయి, తడిస్తే చిరిగి ఒంటికంటుకుంటాయి.

ఇంకోటి, ఆ అట్ట మీద తొక్కిన చెప్పులతో నేల మీదకి రావొద్దు. ఫ్లెక్సీ అంచు దగ్గర ఇంకో జత చెప్పులు పెట్టుకోండి. మా సెల్లార్‌లో ఆ రోజు జరిగిన నష్టంలో సగం చెప్పుల వల్లే.

బోల్టు విప్పడం

ఇంజన్ని మూడు నాలుగు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపండి. చల్లటి ఆయిల్ తేనెలాగా సాగుతూ అడుగున మురికిని వదిలేస్తుంది, బాగా వేడి ఆయిల్ చెయ్యి కాలుస్తుంది, గోరువెచ్చగా ఉండాలి. ఊరంతా తిరిగొచ్చిన కారైతే కనీసం గంట ఆగండి, సైలెన్సర్ పైపు కూడా అక్కడే పక్కన ఉంటది, మోచెయ్యి తగిలితే బొబ్బలే. ఆయిల్ పోసే మూత పైన తీసి పక్కన పెట్టండి, గేజి కూడా కొంచెం పైకి లాగండి, గాలి వెళ్ళే దారి ఉంటే ఆయిల్ గుడగుడమంటూ ఆగి ఆగి రాకుండా ఒకే ధారగా వచ్చిద్ది.

ఇప్పుడు కిందకి వెళ్ళి బోల్టు గుర్తుపట్టండి. ఇక్కడ జరిగే అతి పెద్ద పొరపాటు గేర్‌బాక్స్ బోల్టు విప్పెయ్యడం. రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇంజన్ చాంబర్ అనేది ఇంజన్ అడుగున పళ్ళెంలాగా ఉండే భాగం, ఆయిల్ ఫిల్టర్ ఎక్కువగా దానికి దగ్గర్లోనే ఉంటది, గేర్‌బాక్స్ పక్కన చక్రాలకి వెళ్ళే కడ్డీలు (డ్రైవ్ షాఫ్టులు) దూరి ఉంటాయి. అనుమానంగా ఉంటే మాన్యువల్ బొమ్మ చూడండి, అప్పటికీ తేలకపోతే ఆ రోజుకి పని ఆపేసి తెలిసిన మెకానిక్‌కి ఫోటో పంపించి అడగండి. కొన్ని కార్లకి అడుగున ప్లాస్టిక్ కవరు అడ్డం ఉంటది, సగం విప్పి వేలాడదీయకుండా మొత్తం తీసేయండి, లేకపోతే ఆయిల్ అందులో నిలబడి వారం రోజులు రోడ్డు మీద కారుతూనే ఉంటది.

తట్ట పెట్టేది బోల్టు తల ఎటు చూస్తోందో చూసి. బోల్టు అడ్డంగా వెనక్కి చూస్తుంటే ధార కూడా వెనక్కే ఎగురుద్ది, మొదట అడుగు దూరం దాకా వెళ్ళి, లోపల ఆయిల్ తగ్గేకొద్దీ ధార దగ్గరికి దగ్గరికి వస్తూ చివరికి చుక్కలు సరిగ్గా బోల్టు రంధ్రం కిందే పడతాయి. కాబట్టి తట్ట ఇవతలి అంచు బోల్టు కన్నా నాలుగు వేళ్ళు ముందుకి, మిగతా వెడల్పంతా ధార వెళ్ళే వైపు. వెడల్పు తట్ట ఎందుకన్నానో ఇక్కడ తెలిసిద్ది, మధ్యలో జరపాల్సిన పనుండదు. బయట పార్కింగ్ అయితే గాలి ధారని పక్కకి లాగుద్ది, గాలి వచ్చే వైపు ఒక అట్ట నిలబెట్టండి.

పానాతో సగం చుట్టు తిప్పి వదులు చేశాక పానా పక్కన పెట్టెయ్యండి. మిగతాదంతా వేళ్ళతోనే, ఈ ఇరవై సెకన్లే ముఖ్యం. చెయ్యి కిందనుంచి పైకి పెడితే నూనె మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుద్ది, అందుకని పక్కనుంచి, చెయ్యి నేలకి సమంగా ఉండేలా పెట్టండి. బోల్టుని విప్పుతూనే లోపలికి నొక్కి ఉంచండి, నొక్కి ఉన్నంతసేపు మరలు పట్టుకుని ఉంటాయి, పక్కనుంచి మహా అయితే కొంచెం చెమ్మ వచ్చిద్ది. తిప్పుతూ ఉంటే ఒక చోట టిక్‌మని చిన్న జారుడు చేతికి తెలిసిద్ది, ఆఖరి మర అయిపోయిందని. అప్పుడు ఒక్క ఊపులో బోల్టుని పక్కకి, ధార లేని వైపుకి లాగెయ్యండి. నెమ్మదిగా లాగితే ధార బోల్టుకి తగిలి నాలుగు వైపులా చిమ్ముద్ది. బోల్టు జారి తట్టలో పడినా కంగారు పడి చెయ్యి పెట్టొద్దు, ఆయిల్ చల్లారాక తీసుకోవచ్చు.

ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. టీ తాగి రండి, గ్లవ్స్ విప్పేసి.

ఈలోపు బోల్టు తుడిచి చూడండి. కొన్ని బోల్టుల కొనకి అయస్కాంతం ఉంటది, దాని మీద పిండిలాంటి సన్నటి వెండి పొడి ఉంటే మామూలే. వేళ్ళతో పట్టుకోగలిగేంత ఇనప రజను, రేకు ముక్కలు కనిపిస్తే కొత్త ఆయిల్ పోసి ఊరుకోవద్దు, మెకానిక్‌కి చూపించండి. పాత వాషరు బోల్టుకే అంటుకుని ఉంటది, ఒక్కోసారి చాంబర్‌కి అంటుకుని ఉండిపోద్ది, అది తీసి కొత్తది వెయ్యండి. ఆ వాషరు ఒక్కసారి నలిగి సీలు చెయ్యడానికే చేసింది, పాతదే పెడితే వారానికో చుక్క మొదలవుద్ది.

బోల్టు తిరిగి పెట్టేటప్పుడు మొదటి నాలుగు చుట్లూ వేళ్ళతోనే తిరగాలి, తిరగకపోతే మర అడ్డం పట్టినట్టు, తీసి మళ్ళీ పెట్టండి. తర్వాత పానా. నా కారుకి మాన్యువల్లో చెప్పింది 35 న్యూటన్ మీటర్లు, బిగింపు ఎంతో కొలిచే టార్క్ పానా లేకపోతే పొట్టి పానా తీసుకుని మణికట్టు బలంతో గట్టిగా బిగిస్తే చాలు, పైపు తొడిగి ఒంటి బరువు వేసి బిగించొద్దు. ఒకసారి ఒక గ్యారేజీలో అలాగే బిగించి పంపారు, మరుసటి ఏడాది నేను విప్పబోతే చాంబర్ మరలు బోల్టుతో పాటు తీగలాగా చుట్టుకుని వచ్చేశాయి, అల్యూమినియం కదా, ఆ ఒక్క బిగింపుకి కొత్త చాంబర్ వేయించాల్సి వచ్చింది.

ఫిల్టర్

నేల పాడవడంలో రెండో గండం ఇది, బోల్టు దగ్గర జాగ్రత్తపడినవాళ్ళు కూడా ఇక్కడ దొరికిపోతారు. ఫిల్టర్ లోపల గ్లాసెడు ఆయిల్ ఉంటది, వదులు చెయ్యగానే అది ఫిల్టర్ పక్కనుంచి కారి ఇంజన్ మీదుగా, ఎక్కడెక్కడి మూలల్లోకో వెళ్ళి తర్వాత రెండు రోజులు చుక్కలు పడతా ఉంటది. తట్టని దాని కిందకి జరపండి. బెల్టు పానాతో పావు చుట్టు మాత్రం వదులు చేసి, ఫిల్టర్ మొత్తానికి పాలిథిన్ కవర్ తొడిగి, కవర్ పైనుంచే చేత్తో తిప్పి విప్పండి. కారేదంతా కవర్లోకే వచ్చిద్ది, ఊడగానే ఫిల్టర్ మూతి పైకి తిప్పి కవర్ ముడేసెయ్యండి. కొన్ని కార్లకి ఫిల్టర్ సైలెన్సర్ పైపు పక్కనే ఉంటది, దాని మీద కారకుండా ఒక అల్యూమినియం ఫాయిల్ మడిచి కాలవలాగా కింద పెట్టండి, లేకపోతే తర్వాత స్టార్ట్ చేసినప్పుడు పొగ వచ్చి గుండె ఆగినంత పనయిద్ది.

పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఫిల్టర్‌తో పాటే వచ్చిందా లేదా తప్పకుండా చూడండి. ఇంజన్‌కి అంటుకుని ఉండిపోయిన రింగు మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడి, స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే ప్రెషర్‌కి జారిపోయి ఆయిల్ మొత్తం చిమ్మేస్తుంది. టార్చి వేసి చూడండి, గుడ్డతో తుడవండి, వేలితో తడమండి.

కొత్త రింగుకి వేలితో కొత్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పండి, రింగు ఆనిన తర్వాత ఇంకో ముప్పావు చుట్టు, అంతే, ఫిల్టర్ మీద కూడా రాసి ఉంటది చూడండి. బిగించడానికి పానా వాడక్కర్లేదు. లోపల కాయితం ఫిల్టర్ మాత్రమే మార్చే రకమైతే మూతకి ఉండే ఓ-రింగు కూడా కొత్తది వెయ్యాలి.

కొత్త ఆయిల్ పొయ్యడం

కిందకి ఇంకోసారి చూసి, బోల్టు ఉందా ఫిల్టర్ ఉందా అని చూసి అప్పుడు డబ్బా తెరవండి. బోల్టు పెట్టకుండా కొత్త ఆయిల్ పోసినవాళ్ళు ఉన్నారు.

డబ్బా మూతి ఓ పక్కకి ఉంటది కదా, మనం అలవాటుగా మూతి కిందకి వచ్చేలా వంచుతాం, అలా వంచితే గాలి దూరక గుడుక్ గుడుక్‌మని ఎగిరిపడిద్ది. మూతి పై వైపు ఉండేలా డబ్బాని అడ్డంగా తిప్పి వంచండి, ధార సన్నగా నూనె గానుగలోంచి వచ్చినట్టు వచ్చిద్ది. గరాటు చుట్టూ గుడ్డ కట్టండి. నాకు 3.1 లీటర్లు కదా, ముందు 2.8 దాకా పోసి ఆపుతాను. తీసెయ్యడం కన్నా కలపడం తేలిక. ఎక్కువ పోస్తే ఏమవుద్దిలే అనుకోవద్దు, ఇంజన్ లోపల గిరగిరా తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తది, నురగ ప్రెషర్ ఇవ్వదు.

మూత పెట్టి, స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ మీద కాలు పెట్టకండి. ఎర్రటి ఆయిల్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోద్ది, కొత్త ఫిల్టర్ నిండాలి కాబట్టి ఆ కొంచెం ఆలస్యం మామూలే. ఆరకపోతే వెంటనే ఇంజన్ ఆపెయ్యండి. ఒక నిమిషం నడవనిచ్చి, కిందకి దూరకుండా పక్కనుంచి టార్చి వేసి బోల్టూ ఫిల్టరూ చూడండి, పొడిగా ఉండాలి. ఆపి, కిందున్న తట్ట బయటికి లాగేసి, చెక్క మెట్ల మీదనుంచి దించి, సమంగా ఉన్న నేల మీద పది నిమిషాలు ఉంచాక గేజి చూడండి, మెట్ల మీద ఉండగా చూస్తే తప్పు చూపిస్తుంది. రెండు గీతల మధ్య, పై గీతకి కాస్త కిందగా వచ్చేదాకా కొంచెం కొంచెం కలపండి.

పాత ఆయిల్

మన ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. ప్రకాశం బ్యారేజీ నుంచి వెళ్ళే బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ మూడూ ఊరి మధ్యలోంచే పోతాయి, ఆ నీళ్ళతోనే కింద ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు, పొలాలు పండుతాయి. సింగ్‌నగర్ వైపు నీళ్ళు బుడమేరు మీదుగా కొల్లేరుకి పోతాయి. మన సెల్లార్ జాలీలో పోసిన ఆయిల్ చివరికి ఎవరో ఒకరి బిందెలోకి చేరేదే. ఊళ్ళల్లో ఈ కాలిన ఆయిల్ని చెదలు పట్టకుండా వాసాలకి పూస్తారు, గేదెలకి పుండ్లు పడితే రాస్తారు, మా తాతయ్య కూడా చేసేవాడు, కానీ వాడిన ఆయిల్లో ఇంజన్ అరుగుడు వల్ల చేరే లోహాలూ, కేన్సర్ తెప్పించే పదార్థాలూ ఉంటాయి, ఒంటికి గానీ పశువుకి గానీ మంచిది కాదు. మన దేశంలో చట్టం దీన్ని ప్రమాదకర వ్యర్థాల్లోనే చేర్చింది.

తట్టలోంచి డబ్బాలోకి పోసేది కూడా ఆ ఫ్లెక్సీ మీదే, గరాటు పెట్టి, తట్ట అంచుని గరాటుకి ఆనించి. పాత ఫిల్టర్‌ని మూతి కిందకి పెట్టి ఒక రాత్రి తట్టలోనే కారనిచ్చి ఆ ఆయిల్ కూడా ఇందులోనే కలపండి. నీళ్ళు గానీ పెట్రోలు గానీ కలిస్తే దాన్ని శుద్ధి చెయ్యడం కష్టమయిద్ది, కాబట్టి వేరే ఏదీ కలపొద్దు. సర్వీస్ సెంటర్లలో, పెద్ద గ్యారేజీల్లో వాడిన ఆయిల్‌కి వేరే డ్రమ్ము ఉంటది, అక్కడ్నుంచి రీసైక్లింగ్‌కి వెళ్ళుద్ది, ముందు ఫోన్ చేసి అడిగి అందులో పోసి రండి. నేను ఆయిల్ కొనే ఆటోనగర్ షాపు పక్క గ్యారేజీలో అన్న ఎప్పుడూ కాదనలేదు, "తెచ్చేశావా తమ్ముడూ, అందులో పొయ్" అంటాడు.

అయినా ఒలికితే

నీళ్ళు వద్దు, సర్ఫు కూడా ముందే వద్దు. రంపప్పొట్టు అంచుల నుంచి మధ్యకి చల్లండి, మధ్యలో ముందు చల్లితే ఆయిల్ బయటికి తోసుకుంటది. అరగంట ఉంచి, చెప్పుతో నలిపి, చీపురుతో ఎత్తేసి, మళ్ళీ కొత్త పొట్టు. మచ్చ పల్చబడ్డాక గిన్నెలు తోమే సబ్బు నేరుగా పోసి గట్టి బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడవండి. సిమెంటు నేలైతే తినే సోడా ముద్దలాగా చేసి రాత్రంతా పట్టించి ఉంచితే కొంత లాగుద్ది. నూనె పీల్చిన పొట్టునీ గుడ్డల్నీ పోగేసి మూల పడెయ్యొద్దు, మంటకి దూరంగా కవర్లో కట్టి ఉంచండి.

చేతులకి అంటుకుంటే ముందు పొడి చేతులకి కొబ్బరినూనె రాసి రుద్దండి, నల్లదంతా కరిగి వచ్చిద్ది, గుడ్డతో తుడిచేశాక అప్పుడు సబ్బు. గోళ్ళ చుట్టూ ఉండేది కూడా పోద్ది.

చివరిగా, సర్వీస్ రిమైండర్ ఉన్న కారైతే రీసెట్ చెయ్యండి, ఒక తెల్ల స్టిక్కర్ మీద తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు రాసి బానెట్ లోపల అంటించండి, బిల్లు మాన్యువల్లో పెట్టండి, కారు అమ్మేరోజు అడుగుతారు. ఆ రాత్రి ఇంజన్ కింద ఒక శుభ్రమైన అట్ట పరిచి పడుకోండి. పొద్దున్నే తీసి చూస్తే పొడిగా ఉండాలి, ఒక చుక్క కనిపిస్తే అది బోల్టు కిందదా ఫిల్టర్ కిందదా అట్ట మీద చోటే చెప్పిద్ది. మొన్న ఏప్రిల్లో మార్చినప్పుడు మా వాచ్‌మెన్ తాతే పొద్దున్న ఆ అట్ట తీసుకుని పైకొచ్చి, రెండు వైపులా తిప్పి చూపించి "ఏం లేదు బాబూ" అని ఇచ్చి వెళ్ళాడు.